ఆరుగురి బంతియాట



ఊరు బ్రదికియున్నదనుటకు మన పెద్దలు చెప్పెడి గురుతులు కొన్ని కలవు. చెరువున నీరు, గుడియందు దీపము, ప్రొద్దుగుంకువేళ వంటయింటిపై పొగ. వీనికి మేము మరియొకటి చేర్చెదము: బడియందు బిడ్డల సందడి. తక్కిన మూడును ఉండి ఈ నాలుగవది లేని యూరు ముసలియూరే. బడిపంతులుగారి యింటి యిల్లాలము గనుక మాకు బడియే లోకముగ దోచుచున్నదని మీరు నవ్వవచ్చును. నవ్వుడు గాని, మేము చెప్పబోవు సంగతి విని పిమ్మట నవ్వుడు.

ఈ నెల మేము వ్రాయబూనినది మన దేశపు ముచ్చట కాదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున వేయిమంది జనమైనను లేని చిన్న యూళ్లు అనేకము కలవు. ఆ యూళ్ల ఉన్నత పాఠశాల బాలురు శరదృతువున శుక్రవారపు రాత్రులందు ఒక బంతియాట నాడుదురు. ఆ యాటను ఊతగా గొని ఆ యూళ్లెట్లు నిలిచియున్నవో, అందులకై తల్లులేమి యిచ్చుచున్నారో, ఏది మాత్రము ఇయ్యమనుచున్నారో అదియే నేటి ప్రసంగము. డల్లాసు నగరము చెంత వేలకొలది తెలుగు కుటుంబములు కాపురమున్నవని మీరెరుగుదురు. మా చెల్లెలి కాపురమును అచ్చటనే. ఆమెను చూడబోయినపుడు అట్టి యాట నొకదానిని చూచు అవకాశము మాకు గలిగినది.

మొదట ఆట స్వరూపము చెప్పవలెను. పేరునుబట్టి మోసపోకుడు. మన పిల్లలు కాలితో దన్ను గుండ్రని బంతియాట వేరు, అమెరికావారు ఫుట్‌బాలని పిలుచునది వేరు. దీని బంతి కొబ్బరికాయవలె రెండుకొనలు తేలినది. దానిని చంకనిడుకొని యొకడు పరుగెత్తును. ఎదుటి జట్టువారు వానిని పట్టి నేలగూల్తురు. మన చెడుగుడులో కూతకు వచ్చినవానిని పట్టునట్లే యనుకొనుడు. కాని యిచట ఇరుపక్షములవారును తలకు గట్టి శిరస్త్రాణమును, భుజములకు మెత్తలను దాల్చి, పరుగుమీద నొకరినొకరు ఢీకొందురు. నాలుగు ప్రయత్నములలో నిర్ణయమైనంత దూరము సాగినయెడల బంతి వారియొద్దనే యుండును. లేనియెడల ఎదుటివారికి బోవును. కడపటి గీత దాటించినచో 6 పాయింట్లు.

పెద్ద బడులలో జట్టునకు 11 మంది యుందురు. చిన్న బడులకు అంతమంది యెక్కడనుండి వత్తురు? ఈ చిక్కును విడదీసినవాడు ఒక బడిపంతులని చెప్పుటకు మాకు కొంచెము గర్వముగ నున్నది. 1930వ దశాబ్దపు ఆర్థికమాంద్యమున పల్లెలు చితికియున్నపుడు, నెబ్రాస్కా రాష్ట్రమునందలి చెస్టరు అను చిన్న యూరి బడిలో పనిచేయుచున్న స్టీఫెన్ ఎప్లరు ఆరుగురితో నాడదగిన విధమును కల్పించెను. 1934 సెప్టెంబరు 26వ తేదీన హెబ్రాను అను నూర తొలియాట జరిగినది. ఒక్కొక్క బడికి పిల్లలు చాలకపోవుటచే రెండేసి బడులు కలిసి ఒక్కొక్క జట్టు కట్టినవి. ఇరువురికిని 19 పాయింట్లే వచ్చి ఆట సమానముగ ముగిసినది. పంతులుగారి తొలియాటలో ఓడినవారే లేకుండుట చూడ ముచ్చటగ లేదా? 1938 నాటికి ఈ పద్ధతి టెక్సాసునకు ప్రాకినది. 1972 నుండి అచట రాష్ట్రమంతటికి ఈ చిన్న బడుల పోటీ వేరుగ జరుగుచున్నది. తొమ్మిదవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వరకు అంతయు గలిపి నూటనాలుగైదుగురికి మించని బడులే యిందు చేరును.

మైదానము 100 గజములకు మారుగ 80 గజముల నిడివియే. కాని నాలుగు ప్రయత్నములలో సాగవలసిన దూరము 10 గజములకు మారుగ 15. పెద్ద యాటలో ముందువరుస బలశాలురు విసరిన బంతిని పట్టుటకు అర్హులు కారు. వారు అడ్డుగోడలవలె నిలువవలసినవారే. ఆరుగురి యాటలో ఆరుగురును బంతి పట్టదగినవారే. తొలుత బంతినందుకొన్నవాడు మరియొకనికి దానినందీయక తానే గీతదాటి పరుగిడరాదు. ఒక జట్టు 45 పాయింట్లు మించిపోయినచో, సగమాట గడచిన పిమ్మట ఏ క్షణమునందైనను ఆట చాలింతురు. ఓడినవారిని ఇంకను నొప్పించుట తగదని కాబోలు. ఈ నియమములన్నిటి సారము ఒక్కటే: చిన్న బడిలో ఉబుసుపోకకు గూర్చుండు బాలుడు లేడు, ప్రతివాడును కావలసినవాడే.

మేము చూచిన యాట జరిగిన యూరి పేరు చెప్పము. చిన్న యూరిలో పేరు చెప్పిన యిల్లు చెప్పినట్లే. మా మరిదితోడి యుద్యోగి యొకాయన ఆ యూర పుట్టి పెరిగినవాడు. ఆయన పిలుపుననే పోయితిమి. అక్టోబరు మాసపు శుక్రవారము. మా చెల్లెలు పులిహోరయు, పెరుగన్నమును డబ్బాలకెత్తి కారులో నుంచినది. "అక్కా, అచ్చట మనము తినదగినది మొక్కజొన్న పేలాలు దప్ప మరేమియు దొరకదు" అని ఆమె ముందే హెచ్చరించెను.

డల్లాసునుండి ఫోర్టువర్తు దాటువరకు బాటకిరువైపుల ఊరే. అటుపిమ్మట 20వ సంఖ్యగల పెద్దబాట పడమటికి సాగి వెదర్‌ఫర్డు అను పీచుపండ్ల సీమ దాటి, బ్రాజోసు నదిని గడచి, గుట్టల నడుమ ప్రవేశించును. చెట్లు చూచినంతనే మా వారు "ఇవి మన సర్కారుతుమ్మలే కదా!" అనిరి. నిజమే. మెస్కీటని వారు పిలుచు నా ముండ్లచెట్టు మన సర్కారుతుమ్మకు దాయాది. మన దేశమునకు ఆ జాతి పంతొమ్మిదవ శతాబ్దమున అమెరికా ఖండములనుండియే వచ్చినది. చెట్లమధ్య నక్కడక్కడ చమురుతోడు యంత్రములు మన యేతములవలె వంగుచు లేచుచుండెను. ఏతము త్రొక్కు మనిషి మాత్రము లేడు.

సుమారు 100 మైళ్లు పోయిన పిమ్మట బాటప్రక్కన ఒంటరిగ నొక యెత్తయిన యిటుకల పొగగొట్టము కనబడినది. అది 1908లో కట్టినది; 128 అడుగుల పొడవు. ఆ చోటి పేరు థర్బరు. 1888లో ఒక బొగ్గుకంపెనీ యా గనులను గొని ఊరంతయు తానే కట్టెను. ఇండ్లు, అంగళ్లు, బడి, గుడి యన్నియు కంపెనీవే. ఇటలీ, పోలండు మొదలగు పెక్కు దేశములనుండి కూలీలు వచ్చిరి. ఉచ్ఛదశలో ఎనిమిది పదివేలమంది యుండిరట. ఆ యూరి యిటుకలతో ఆస్టిను నగరపు రాజవీథి పరచిరి. 1917లో ప్రక్కనున్న రేంజరు వద్ద చమురు పొంగినది. రైలింజనులు బొగ్గు మాని చమురునకు మరలినవి. గనులు మూతపడినవి. 1933లో కంపెనీ తన కార్యాలయమును ఫోర్టువర్తునకు మార్చుకొన్నది. ఇండ్లను సైతము విప్పి యమ్మివేసిరి. పదివేలమంది బ్రదికిన చోట నేడు చేతివ్రేళ్ల లెక్కకు వచ్చు జనమును, ఆ గొట్టమును మాత్రము మిగిలినవి.

థర్బరును చూచిన కంటితో ఆ ప్రక్కనున్న పల్లెలను చూచిన మనసున నొక ప్రశ్న పుట్టక మానదు. స్ట్రాను, గోర్డను మొదలగు చుట్టుప్రక్కల చిన్న యూళ్లకును ఒకప్పుడు ఆ బొగ్గే బలము. ఆ బలము పోయియు అవి యెట్లు నిలిచినవి? పశువుల పెంపకము, పెద్దబాట, మరికొన్ని కారణములు కలవు. కాని థర్బరున కంపెనీ పోయిన పిమ్మట జనమును కట్టియుంచు సొంత వస్తువు లేకపోయినది. ఈ యూళ్లకు సొంత బడి కలదు. దానిని నడుపు పంచాయతిని ఊరివారే యెన్నుకొందురు. బడి మూయించి పెద్దబడిలో కలుపుట యను భయము వారికి కొత్తది కాదు. 1949లో టెక్సాస్ ప్రభుత్వము చేసిన శాసనములచే రాష్ట్రమునందలి సుమారు 4,500 పాఠశాలా మండలములు సుమారు 2,900కు తగ్గినవి. నాటినుండియు తగ్గుచునే వచ్చినవి. అందుచేత అచటి పల్లెవారు బడిని కండ్లలో వత్తులు వేసికొని కాచుకొందురు.

ప్రొద్దుగుంకువేళకు ఊరు చేరితిమి. అంగడివీథిలో ఒక్క ప్రాణి లేదు. "కడపట ఊరు విడుచువాడు దీపములార్పి పోవలెను" అని వారు తమ్ము దామే పరిహసించుకొందురు. అందరును మైదానము చుట్టు చేరియుండిరి. కంచెకు ముఖములు త్రిప్పి బండ్లు వరుసగ నిలిపి, వానిలోనే ముసలివారు దుప్పట్లు గప్పుకొని కూర్చుండిరి. తమ జట్టు గీత దాటినపుడెల్ల చప్పట్లకు బదులు బండ్ల కొమ్ములన్నియు నొక్కసారిగ మ్రోగును. ఎదుటి జట్టుయూరివారును దాదాపు 80 మైళ్ల దూరమునుండి బండ్లు కట్టుకొని వచ్చిరి.

ఆనాడు వారికి "హోంకమింగు" పండుగ. చదువు ముగించి దేశము మీద పడిన పూర్వవిద్యార్థులు సంవత్సరమున కొకసారి తమ బడికి మరలివచ్చు దినము. మనకు సంక్రాంతికి అల్లుండ్రును కూతుండ్రును వచ్చునట్లే. ఆ దినమున టెక్సాస్ బాలికలు ధరించు అలంకారమును గూర్చి మన సోదరీమణులకు చెప్పక తీరదు. వెనుక నొక నిజమైన చామంతిపూవును రిబ్బనుతో గట్టి రొమ్మున పెట్టుకొనెడివారట. అది రానురాను పెరిగి, నేడు పట్టుతో జేసిన పళ్లెమంత చామంతి, దానినుండి మోకాళ్లదాక వ్రేలాడు బడిరంగుల రిబ్బనులు, గజ్జెలు, బొమ్మలు, దీపములుగల పెద్ద హారమైనది. చామంతికి వారి భాషలో ముద్దుపేరు "మమ్". పల్లెలలో దీనిని తల్లులే రాత్రులు కూర్చుండి జిగురంటించి కట్టుదురు. బాలికలు నడచునపుడు ఆ గజ్జెల మ్రోత విని మాకు మన బొమ్మలకొలువు పేరంటము జ్ఞప్తికి వచ్చినది.

ఆట నడుమ విరామమున బడిపిల్లల వాద్యబృందము మైదానము మధ్యకు వచ్చినది. అందు నలుగురు ఆటగాండ్రు! మట్టి దులుపుకొనక, భుజములపై మెత్తలు విప్పక, ఒకడు బాకా యూదెను, మరియొకడు డోలు మ్రోయించెను. చూచి నవ్వువారు లేరు. చిన్న బడిలో ఒక బిడ్డ నలుగురి పని చేయవలెను, చేయనేర్చును గూడ. మా వారు చాలసేపటికి "ఇది మా బడిలో నుండిన బాగుండును" అనిరి.

చిరుతిండ్ల కొట్టు నడుపువారందరును తల్లులే. మొక్కజొన్న వడియముల సంచి నిలువున జీల్చి, అందులోనే మాంసపు కూర కాచి పోసి యిచ్చుచుండిరి. వచ్చిన డబ్బు జట్టుబట్టలకును, బస్సు ఖర్చులకును. మేము పేలాలు కొనబోయి, అచట నలుబదియేండ్ల యొక యిల్లాలితో మాటలాడితిమి. ఆమె కుమారుడు ఆ జట్టువాడే; కాని ఆనాడు ఆటబట్ట మాత్రము తొడుగుకొని ఆడువారికి నీళ్లందించుచుండెను. మూడువారముల క్రిందట ఒకడు ఢీకొనగా వాని తలకు దెబ్బ తగిలినదట.

"వైద్యుడు ఆడవచ్చునని వ్రాసియిచ్చినాడు, అమ్మా. కాని రాత్రులు చదువునపుడు దీపము వాని కండ్లకు గ్రుచ్చుచున్నదని నాకు మాత్రమే తెలియును. అందుచే నేను చేవ్రాలు చేయలేదు" అని యామె చెప్పెను. జట్టులో మిగిలినవారు ఎనిమిదిమందియే. ఊరిపెద్దలు ఏమైన ననిరా యని యడిగితిమి. "పైకి అనలేదు. మొదటివారము ఇద్దరు ముగ్గురు నన్ను జూచి పలుకరింపలేదు. ఇప్పుడు పలుకరించుచున్నారు" అని యామె పేలాల సంచి మా చేతికిచ్చి, వెనుకవారి వంకకు దిరిగెను.

ఆ చేవ్రాలు ఊరక లాంఛనము కాదని పాఠకురాండ్రు గ్రహింపవలెను. తల దెబ్బతిన్న విద్యార్థులను గూర్చి మొట్టమొదట 2009లో వాషింగ్టను రాష్ట్రము చట్టము చేసినది. టెక్సాస్ 2011లో చేసినది. 2014 నాటికి అమెరికాలోని 50 రాష్ట్రములును చేసినవి. టెక్సాస్ చట్టము ప్రకారము తల అదరినదని యనుమానము కలిగిన క్షణముననే బాలుని ఆటనుండి తప్పింపవలెను. ఆనాడు మరల ఆడనీయరాదు. పిమ్మటనైనను వైద్యుడు వ్రాసి యీయవలెను, తల్లియో తండ్రియో లేక సంరక్షకుడో సమ్మతించి చేవ్రాలు చేయవలెను. ఈ రెంటిలో నేది లేకున్నను బాలుడు మైదానమున నడుగిడరాదు.

ఇంత జాగ్రత్త యేలయన, శిరస్త్రాణము పుఱ్ఱెను పగులకుండ కాపాడును గాని, పుఱ్ఱెలోని మెదడు కుండలోని పెరుగువలె కదలుటను పూర్తిగ మాన్పలేదు. ఆ కదలికచే తలనొప్పి, వాంతి, మైకము, వెలుతురునకు తాళలేకుండుట, చెప్పినదే చెప్పుట, కోపము, నిద్ర తారుమారగుట మొదలగునవి కలుగును. తెలివి తప్పియే తీరవలెనని లేదు. మొదటి దెబ్బ మానకమునుపే రెండవది తగిలినచో ప్రాణాపాయమును కలుగవచ్చును. 2017లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, ఈ యాట నాడి మరణించినవారి మెదళ్లను పరీక్షించిరి. వృత్తిగా నాడిన 111 మందిలో 110 మందికిని, ఉన్నత పాఠశాలతో చాలించిన 14 మందిలో ముగ్గురికిని మెదడు క్షీణించు నొక జబ్బు కానవచ్చినది. అవి అనుమానము గల కుటుంబములు ప్రత్యేకముగ దానమిచ్చినవి గనుక ఆడినవారందరికిని ఆ లెక్క వర్తింపదు. అయినను తల్లి యోచింపవలసిన సంగతియే.

ఆ రాత్రి ఆ యూరిజట్టు ఓడినది. కొమ్ములు గెలిచినవారివే యెక్కువ మ్రోగినవి. ఆట ముగిసిన పిమ్మట ఇరుజట్ల బాలురును ఒకరి చేతులొకరు తాకి, తమ తల్లిదండ్రులవంక నడచిరి. ఎనిమిదిమందికి మరియొకడున్న గెలిచియుందురేమో. గెలువకయు పోవచ్చును. ఆ తల్లి దానిని లెక్కింపలేదు. ఊరును ఆమెను వెలివేయలేదు. మేము చూచినవానిలో మాకు గొప్పగ దోచినది ఆటగాదు, ఇది.

పల్లెబడికి ప్రతి బిడ్డయు కావలెను. కావలెను గనుకనే వానిని వాడివేయవలెననిపించును. "నీవు లేనిదే జట్టు లేదు, జట్టు లేనిదే బడి లేదు, బడి లేనిదే ఊరు లేదు" అని పదునారేండ్ల బాలుని తలమీద ఊరంత బరువు పెట్టుట యెంత సులభము! ఆ మాట అబద్ధమును గాదు. కాని ప్రతి బిడ్డయు కావలసినవాడనుటకు రెండవ అర్థము కలదు: ప్రతి బిడ్డయు కాపాడుకొనవలసినవాడు. మొదటి యర్థము ఊరికి తెలియును. రెండవది తల్లి చెప్పవలెను. ఇది మా దృఢాభిప్రాయము.

మన సంగతి వేరా? 2022లో ఆంధ్రప్రదేశమున 3, 4, 5 తరగతులను సమీపపు ఉన్నత పాఠశాలలకు తరలించు నుత్తరువు వచ్చినపుడు అనేక పల్లెలలో తల్లులు బడి వాకిట నిలిచి ప్రశ్నించిరి. దూరమెంత, బాట దాటించువారెవరు అని వారడిగినది న్యాయమైన ప్రశ్నయే. కాని మేము సోదరీమణులను మరియొకటి యడిగెదము: బడి యున్నన్నాళ్లు ఎన్నిమార్లు లోనికి పోయితిమి? మార్కులకాగితము మీద చేవ్రాలు చేయుటకు దక్క బడితో మనకు పొత్తేది? ఆటలపోటీనాడు మైదానమంతయు ఉపాధ్యాయులును పిల్లలును దప్ప పెద్దలెవరును కనబడరు. కబడ్డీలో గెలిచిన యాడపిల్ల కప్పు పట్టుకొని ఒంటరిగ నింటికి నడచివచ్చును, "ఇంతసేపేమి చేసితివి?" అని మనము గద్దింతుము.

కావున మూడు మాటలు చెప్పి చాలించెదము. ఈ సంవత్సరము మీ యూరి బడిలో ఆటలపోటీ యెన్నడో కనుగొని, ఆనాడు వంట పెందలకడ ముగించుకొని, ఇరుగుపొరుగులను పిలుచుకొని పోయి కూర్చుండుడు. చప్పట్లు కొట్టుటకు చదువక్కరలేదు. మీ బిడ్డ తలకు దెబ్బతగిలి, పిమ్మట వాంతి చేసికొనినను, మత్తుగనున్నను, వెలుతురు చూడలేకున్నను పసుపు పెట్టి ఊరకుండక వైద్యుని చూపుడు. వైద్యుడు చెప్పువరకు మరల ఆడనీయకుడు. వైద్యుడు సరేయన్నను మీ కంటికి బిడ్డయందు తేడా కనబడినచో ఆ మాట వైద్యునితోను, బడిపంతులుతోను జంకక చెప్పుడు. బిడ్డ రాత్రి దీపముముందు కండ్లు మూసికొన్నది చూచువారు మీరొక్కరే.